తలుపు లేని ప్రారంభోత్సవం

నేను ఒక శిలాఫలకాన్ని. నాలాంటివాళ్లను మీరు చూసే ఉంటారు గాని చదివి ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు. మా మీద పేర్లున్న పెద్దలే తమ పేరు వరకు చూసుకుని, పక్కవాడి పేరు కంటే అక్షరం చిన్నదయిందేమోనని కళ్లతో కొలుచుకుని, దండ తీసి ఎవరి చేతికో ఇచ్చి వెళ్లిపోతారు.

పుట్టిల్లు చీమకుర్తి నల్లరాతి క్వారీ. నాతోపాటు కోసిన పలకలు ఓడలెక్కి ఎక్కడెక్కడి వంటిళ్లలోనో గట్లయ్యాయి. నాకు ఒక మూల కాస్త పెచ్చూడిందని ఓడ ఎక్కనివ్వలేదు. అప్పట్లో ఏడుపొచ్చింది గాని, ఇప్పుడు ఆలోచిస్తే ఎవరింట్లోనో ఉల్లిపాయలు కోయించుకుంటూ బతకడం కంటే ఇదే నయమనిపిస్తుంది. లోకం చూశాను.

నన్ను కొన్నది మస్తాన్‌వలి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పేర్లు చెక్కే మనిషి. పోయినవాళ్ల పేర్లైనా, పదవిలో ఉన్నవాళ్ల పేర్లైనా ఒకే శ్రద్ధతో చెక్కేవాడు. ఒకరోజు ఒక కాంట్రాక్టరు వచ్చి, పట్టణంలో కూరగాయల మార్కెట్టు దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్లు కడుతున్నామనీ, రాళ్లు రెండు కావాలనీ అన్నాడు.

"శంకుస్థాపన రాయొకటి, ప్రారంభోత్సవం రాయొకటి. రెండూ ఒకేసారి చెక్కెయ్ వలీ. ఆటో బాడుగ కలిసొస్తది."

"ఇంకా పునాది కూడా తియ్యలేదంటివి గదన్నా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?"

"తేదీ కాడ ఖాళీ ఒదులు. తర్వాత చూసుకుందాం."

అలా మా అన్న శంకుస్థాపన రాయి అయ్యాడు, నేను ప్రారంభోత్సవం రాయినయ్యాను. నా మీద 'మహిళా మరుగుదొడ్ల సముదాయము, ప్రారంభోత్సవము' అని ఒక వరస, కింద అంతా పేర్లే. ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద మూడుసార్లు ఫోన్లు వచ్చాయి. ఎంత ఖర్చయిందో రాయడానికి మాత్రం చోటు మిగల్లేదు.

అన్నను మార్కెట్టులో నిలబెట్టి కొబ్బరికాయ కొట్టారట. నన్ను మున్సిపల్ ఆఫీసు స్టోరు గదిలో, పాడైపోయిన దోమల మందు మిషను వెనక ఆనించారు. కొన్నాళ్లకు ఆ గదిలోకి వచ్చిపోయేవాళ్ల మాటల్లో విన్నాను: పని పూర్తయింది, పద్నాలుగు లక్షల బిల్లు పాసయింది. నా సంతోషం చూడాలి! పూర్తయితే నన్ను తీసుకెళ్లాలి కదా. ఎవరూ రాలేదు. రాతి బుర్ర కాబట్టి నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఇక్కడ ఆదెమ్మ గురించి చెప్పాలి. ఆ మార్కెట్టులో గోంగూర, తోటకూర అమ్ముకునే మనిషి. తెల్లారకముందే పల్లె నుంచి ఆటోలో వచ్చేది, మధ్యాహ్నం దాటాక వెళ్లేది. గంప కింద దించీ దించక ముందే ఆశీలు చీటీ చించి చేతిలో పెట్టేవాళ్లు. మార్కెట్టులో కూర్చున్నందుకు మున్సిపాలిటీకి కట్టే పన్ను అది. కట్టని రోజు లేదు. మరుగుదొడ్డి మాత్రం లేదు. అందుకని అక్కడి ఆడవాళ్లెవరూ ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆదెమ్మకు మూత్రపిండంలో రాళ్లొచ్చాయి. మందులిచ్చి పంపితే రెండోసారీ వచ్చాయి. ఇలాగే నీళ్లు తాగకుండా ఉంటే మార్కెట్టు మానుకోవడమే మంచిదని డాక్టరు కసిరాడు. మానుకుంటే ఆమెకు ఇల్లు గడవదు.

ఈ సంగతి ఆమె గోంగూర కట్టలు లెక్కపెడుతూ చెంచురామయ్యకు చెప్పింది. చెంచురామయ్యది గానుగ నూనె కొట్టు. ఊళ్లో పన్ను చెల్లింపుదారుల సంఘానికి ఆయనే కార్యదర్శి. సంఘమంటే పెద్దగా ఊహించుకోకండి. ఆయన, ఒక వకీలు, ఒక మందుల షాపాయన, కాసిని కుర్చీలు. అయితే ఆయనకు ఒక జబ్బుంది. ఎక్కడ సర్కారు డబ్బు ఖర్చయిందన్నా ఏదీ చూపించమంటాడు. ఆ నెల మున్సిపల్ కౌన్సిలు సమావేశానికి వెళ్లి, మార్కెట్టులో శంకుస్థాపన చేసిన మరుగుదొడ్లు ఏవీ, చూపించండని ఇంజనీరు ఏఈ గారిని అడిగాడు.

"కట్టేశాం. వాడుకలో ఉంది," అన్నాడు ఏఈ. "అయినా మీ కొట్టు వెనకే మీకు బాత్రూముంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు శెట్టిగారూ?"

"కత్తిపీట కూడా పన్ను కడుతోందయ్యా. సోమవారం వస్తాం, చూపించండి."

అదిగో, అప్పుడు నేను గుర్తొచ్చాను. ఆదివారం మార్కెట్టుకు సెలవు. దుమ్ము దులిపి నన్ను తీసుకెళ్లి, వెల్లుల్లి గోడౌను వెనక గోడకు సిమెంటు పెట్టి అతికించారు. చుట్టూ సున్నం కొట్టి ఫొటో తీసుకున్నారు. రాయి ఉన్నచోట కట్టడం ఉన్నట్టేనని వాళ్ల నమ్మకం. ఏం చేస్తాం, ఫైళ్లలో బతికేవాళ్లకు రాయి కూడా ఒక కాగితమే.

సోమవారం పొద్దున ఏఈ మొహం చాటేసినా, చెంచురామయ్య వచ్చి నన్ను బిగ్గరగా చదివాడు. గోడ అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు. వెల్లుల్లి వాసన తప్ప ఏమీ లేదు. ఆయన ముఖం కందగడ్డయింది.

"కోర్టుకీడుస్తా," అన్నాడు.

"కోర్టంటే నా మనవరాలి కాలానికి తేలుద్ది," అంది ఆదెమ్మ. "ఉండండి శెట్టిగారూ. ప్రారంభించామని రాయి మీద రాశారంటిరి గదా. లైన్లో నిలబడదాం."

గంప పక్కామెకు అప్పగించి, ప్లాస్టిక్ మగ్గులో నీళ్లు పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. దూరం నుంచి నవ్వుతూ చూస్తున్న టమాటాల ఆమె కూడా మగ్గు తెచ్చుకుంది. తర్వాత మునక్కాయల ఆమె, నిమ్మకాయల అక్కాచెల్లెళ్లు. కాసేపటికి మగ్గుల వరస అరటిపళ్ల బండి దాకా పోయింది. కూరలకొచ్చిన ఒకామె ఏమిటో తెలియకుండానే వరసలో చేరిపోయింది. మన ఊళ్లలో వరస కనబడితే నిలబడటం అలవాటు కదా.

మర్నాడూ అంతే. ఏఈ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది, నగుబాటు కాకపోతే? ఎందుకు నిలబడ్డారిక్కడ?"

"మరుగుదొడ్డికి సారూ," అంది ఆదెమ్మ, నెమ్మదిగా. "లోపలెవరో ఉన్నట్టున్నారు. నిన్నటి నుంచి తలుపు తియ్యలా."

మార్కెట్టంతా గొల్లుమంది. నాకు నవ్వే వీల్లేదు గనక సరిపోయింది, లేకపోతే పగిలేవాణ్ని.

ఆ నవ్వు కొత్తగా వచ్చిన కమిషనరమ్మ చెవిదాకా పోయింది. ఆమె జీపు దిగి, ఆ వరస ఎందుకని అడిగితే ఆదెమ్మ నన్ను చూపించింది. కమిషనరమ్మ నా దగ్గరకొచ్చి, పై వరస నుంచి కింది పేరు దాకా, తేదీ దగ్గర వదిలిన ఖాళీతో సహా చదివింది. నా జన్మలో నన్ను ఖాళీతో సహా చదివిన మొదటి మనిషి ఆమె. గోడ వెనక్కి వెళ్లి చూసి వచ్చింది. నేరుగా వెళ్లి వరస చివర, పచ్చిమిరపకాయల ముసలామె వెనక నిలబడింది. ఏఈ మాత్రం ఎండలో ఒక్కడే మిగిలిపోయాడు.

ఆ తర్వాత పనులు చకచకా నడిచాయి. ఏఈ మీద విచారణ పడింది. కాంట్రాక్టరు దగ్గర సొమ్ము వెనక్కి రాబట్టారు. వానలు మొదలయ్యేలోపు మరుగుదొడ్లు నిజంగా లేచాయి, తలుపులతో, గొళ్లేలతో, కుళాయిలతో సహా. చెంచురామయ్య పట్టుబట్టి, దేనికెంత అయిందో బయటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. నెలనెలా ఫినాయిలుకూ, ఊడ్చే మనిషికీ ఎంత ఇస్తున్నారో కూడా రాయాలన్నాడు. రాస్తున్నారు.

నన్నేం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఫలకం పెడదామా అని మేస్త్రీ అడిగితే, గుమ్మం ముందు బురదవుతోంది, అక్కడ వెయ్యమన్నారు ఆడవాళ్లు.

"పేర్లు పైకా, కిందికా?" అన్నాడు మేస్త్రీ.

"పేర్లున్న వైపు నున్నగా ఉంది. తడి కాళ్లతో జారి పడతాం. కిందికెయ్యి," అంది ఆదెమ్మ.

అంతే. కక్ష లేదు, కసి లేదు. ఆ పెద్దలంతా ఇప్పుడు మట్టిలో బోర్లా పడుకుని ఉన్నారు, నా గరుకు వీపు పైకి తేలింది. రోజూ ఎన్ని పాదాలో! పసుపు రాసుకున్నవి, పగుళ్లు బారినవి, మెట్టెలు గీరుకునేవి. నిజం చెప్పొద్దూ, ఏ దండా నాకింత హాయినిచ్చేది కాదు. పొద్దున పదింటికల్లా ఆడవాళ్లు బోరింగు దగ్గర కడుపునిండా నీళ్లు తాగుతున్నారు. ఆదెమ్మ మార్కెట్టు మానలేదు.

మొన్న ఆమె లోపలి నుంచి వచ్చి నా మీదే ఆగింది. గోడ మీది లెక్కను పక్కామెతో చదివించుకుని, అటుగా పోతున్న శానిటరీ ఇన్‌స్పెక్టరును పిలిచింది.

"ఫినాయిలు కొన్నామని రాశారు గదయ్యా. లోపల వాసన రావట్లా."

"తెప్పిస్తానమ్మా."

"తీసుకురా. ఈడే ఉంటా."

అతను వెళ్లాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా మీద నుంచి కదలకుండా నిలబడింది. ఆదెమ్మ బరువైన మనిషే. అతను సీసా పట్టుకుని తిరిగొచ్చేదాకా మోశాను. ఇంకాసేపు ఆలస్యం చేసినా బాగుండుననిపించింది.