నాలుగో చెయ్యి

అయినా ఆ రాయి డొల్లగానే పలికింది, అందులో అబద్ధమేముంది, నేల పనిలో తల పండినవాడు ఎవడైనా కాలి కింద తేడా తెలిస్తే మడమతో తట్టి చూడకుండా ఉంటాడా, దర్జీ ఎదుటివాడి చొక్కా కుట్టు చూడకుండా ఉంటాడా, కానీ క్లబ్బులో టీకి పిలిచిన పెద్దమనుషుల ముందు, చేతిలో కప్పు పట్టుకుని, ఇక్కడ కిందంతా ఖాళీ అండీ, పట్టు వదిలేసింది, నాకు అప్పజెప్పండి, కొన్న ధరకే మార్పించి పెడతాను అనడమేమిటి, కొన్న ధరకే అట, ఆ మాట ఇవాళ గుర్తొచ్చినా చెవులు వేడెక్కుతున్నాయి, అతను అద్దం ముందు నిలబడి చొక్కా పైగుండీ విప్పాడు, మళ్ళీ పెట్టాడు, క్లబ్బువాళ్ళు పైగుండీ పెట్టుకుంటారా పెట్టుకోరా, పక్కింటి జడ్జిగారు పెట్టుకోరు, కానీ ఆయన పెట్టుకోకపోతే దర్జా, తను పెట్టుకోకపోతే రాళ్ళు దింపించే మేస్త్రీ, అదీ తేడా, ఆ రోజు ఎవరైనా నవ్వినా బాగుండేది, ఎవరూ నవ్వలేదు, క్లబ్బు సెక్రటరీ మాత్రం, అలాగా, ఆ నేల వేసి చాలా కాలమైంది లెండి, మాకు అలవాటైపోయింది అన్నాడు, అది ఉత్త టీ కాదని, క్లబ్బులో చేరతామన్నవాళ్ళను పిలిచి తూచి చూసే పద్ధతని అతనికి తర్వాత తెలిసింది, తెలిసి మాత్రం ఏం లాభం, డొల్ల రాయి కూడా అలవాటైపోయేంత కాలం నుంచి ఉన్నవాళ్ళు వాళ్ళు, మొన్న మొన్న లారీలోంచి సామాను దించుకున్నవాడు తను, మధ్యలో అడ్డుగా ఉన్నది డబ్బయితే తెచ్చి పోసేవాడు, అలవాటు ఏ కొట్లో అమ్ముతారో అతనికి తెలియదు.

ఈ వీధి మీద మోజు ఈనాటిది కాదు, టైల్స్ కొట్లో పనికి చేరిన కొత్తలో చంకలో నమూనాల పెట్టె ఇరికించుకుని ఈ ఇళ్ళ పక్కగేట్ల దగ్గర ఎదురుచూసేవాడు, లోపలి నుంచి కబురు వచ్చేదాకా చేసేదేం లేక క్లబ్బు కంచె సందులోంచి తొంగి చూసేవాడు, కంటికి ఆనినంత దూరం పచ్చిక, దాని మీద తెల్లబట్టలవాళ్ళు ఏ తొందరా లేకుండా ఒక చిన్న బంతి వెనక నడుచుకుంటూ పోతుంటే, ఏ పనీ లేకపోవడం కూడా ఇంత అందంగా ఉంటుందా అని నోరు తెరుచుకుని, ఒకనాటికి ఈ కంచెకు ఆనుకున్న ఇల్లు కొంటాను, వరండాలో కుర్చీ వేసుకుంటాను అనుకున్నాడు, అనుకున్నదంతా చేశాడు, సొంత కొట్టు పెట్టాడు, ఇంకోటి పెట్టాడు, ఇల్లు కొన్నాడు, కుర్చీ కూడా వేశాడు, తీరా కూర్చున్నాక తెలిసిందేమిటంటే ఈ వీధిలో ఎవరూ వరండాలో కూర్చోరు, కూర్చునేదంతా క్లబ్బులోనే, ఇళ్ళకు పేరుపలకలుండవు, ఎవరి ఇల్లేదో తెలియాల్సినవాళ్ళకు తెలుసు, కార్లు పాతవి, గేట్లు పాతవి, అతని గేటొక్కటే కొత్తగా మెరుస్తూ నేనిక్కడున్నాను నేనిక్కడున్నాను అని అరుస్తుంటుంది, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, వచ్చిన వారంలోనే గోడ పొడవునా దీపాలు పెట్టించాడు, జడ్జిగారు చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, చాలా వెలుతురుగా ఉందండీ అంటే పొంగిపోయి ఇంకో వరస పెట్టించాడు, అప్పుడు కదా భార్య మెల్లగా చెప్పింది, ఏమండీ, పాపం ఆయనకు నిద్ర పట్టడం లేదటండీ అని, ఆ సంగతి నీకెలా తెలుసు, వాళ్ళావిడ చెప్పింది లెండి, ఎప్పుడు చెప్పింది, దొడ్లో బట్టలు ఆరేస్తుంటే గోడ దగ్గరకొచ్చి చెప్పింది, ఇంత గొప్ప వీధిలో బట్టలు బయట ఆరేస్తే ఏమనుకుంటారో అని అతను బెంగపడుతున్నాడు, ఈవిడ ఆరేసుకుంటూ ఆరేసుకుంటూనే స్నేహం చేసేసింది.

అదే, అక్కడే మొదలైంది, ఆ తర్వాత ఆ టీ నాడు, అతను సరిగ్గా రాయి తట్టుతున్న వేళకు, క్లబ్బు అవతలి వరండాలో జడ్జిగారూ, ఎప్పుడో పని మానేసిన డాక్టరమ్మా, చెవులు సరిగా వినపడని ఇంకో పెద్దాయనా పేకముక్కలు చేత్తో పట్టుకుని ఒక చెయ్యి తక్కువైందని దిక్కులు చూస్తూ, ఏమ్మా, నీకు వచ్చా అని అతని వెంట వచ్చిన భార్యను అడిగితే, కొంచెం వచ్చండీ అంటూ కూర్చుంది, కొంచెమట, ఆమె ముక్కలు కలిపే తీరు చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుందని జడ్జిగారే తర్వాత వీధిలో ఆపి మరీ చెప్పారు, మీ ఆవిడ చెయ్యి మహా చెయ్యి అండీ అని, తండ్రి నేర్పాడని పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో అంది, అతను కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి మంచం మీద ముక్కలు పరుచుకుని ఒక్కతే ఆడుకుంటూ ఉండేది, అతన్ని చూడగానే గబగబా ఎత్తేసి భోజనం పెట్టడానికి లేచేది, ఒక్కరే ఆడుకునే ఆటలో ఏముంటుందో, గెలిచినా తనే ఓడినా తనే, అని ఒకసారి అనుకుని, కాళ్ళు కడుక్కుని, మర్నాటి లోడు గురించి ఆలోచనలో పడిపోయేవాడు.

ఇవాళ మధ్యాహ్నం కొట్లో ఉండగా ఫోన్ వచ్చింది, సెక్రటరీ, గొంతులో వెన్న పూసుకుని, కమిటీ ఒప్పుకుందండీ అన్నాడు, అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఫోన్లో మాట్లాడేవాడికి కనపడదని తెలిసి కూడా లేచాడు, ఒక్క చిన్న మాటండీ, సభ్యత్వం మీ శ్రీమతిగారి పేరు మీద వస్తుంది, పాతవాళ్ళిద్దరు కావాలని అడిగితేనే కదా ఎవరినైనా తీసుకునేది, జడ్జిగారూ డాక్టరమ్మగారూ ఆవిడ పేరే చెప్పారు, మీరేం అనుకోకండి, ఆవిడ వెంట అతిథిగా ఎప్పుడైనా రావచ్చు, వాకిట్లో పుస్తకంలో ఆవిడ ఒక సంతకం పెడితే సరి, మీ ఇద్దరికీ సమ్మతమేనా అన్నది రేపు పొద్దున చెబుదురుగాని, అతను చాలా సంతోషమండీ అన్నాడు, ఫోన్ పెట్టేశాక కూడా సంతోషమండీ అన్న నోరు అలాగే తెరుచుకుని ఉంది, గల్లాపెట్టె దగ్గర బావమరిది తలెత్తి, ఏంటి బావా, వచ్చేసిందా అన్నాడు, మీ అక్కకు వచ్చింది అన్నాడతను, అక్కకా, బావమరిది నవ్వాపుకోబోయి ఆపుకోలేక, పోనీలే బావా, ఇంట్లోవాళ్ళేగా, నీకు అక్క సిఫార్సు చేస్తుందిలే అన్నాడు, పనివాళ్ళు విననట్టు రాళ్ళ మీద దుమ్ము తుడిచారు, దుమ్ము లేని రాళ్ళు కూడా తుడిచారు, వండుకున్నమ్మకు ఒక్కటే కూర, అడుక్కున్నమ్మకు అరవై ఆరు కూరలని సామెత, ఈవిడ అడుక్కోను కూడా లేదు, బట్టలు ఆరేసుకుంది, అంతే.

కుళ్ళు, ఇంకేమీ కాదు, దానికి మంచి పేరు వెతకడం దేనికి, కుళ్ళు అతనికి కొత్త కాదు, పక్కకొట్టువాడి బోర్డు చూసి కుళ్ళుకున్నాడు కాబట్టే అంతకంటే పెద్ద బోర్డు పెట్టాడు, తోటివాడి కారు చూసి కుళ్ళుకుంటేనే కారొచ్చింది, ఒకరకంగా ఈ ఇంటి పునాది కూడా అదే, కానీ అదంతా బయటివాళ్ళ మీద, ఇంటికొచ్చి తలుపేసుకుంటే బయటే ఆగిపోయేది, ఇప్పుడది తన మంచం మీదకే వచ్చి పడుకుంటే మనిషి ఎటు పోవాలి, మింగలేడు కక్కలేడు, ఎవరికి చెప్పుకుంటాడు, నా పెళ్ళాన్ని రమ్మన్నారు నన్ను రమ్మనలేదు అని చెప్పుకుంటే కుక్కలు కూడా నవ్వుతాయి, సంగతి చెబుదామని ఆమెకు ఫోన్ చేస్తే, అలాగా అంది, ఆ తర్వాత, మీరేమంటారు అంది, చూద్దాం అన్నాడతను, చూద్దాం అంటే అతని ఇంట్లో వద్దనే అర్థం, అది ఇద్దరికీ తెలుసు, మీకిష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాను లెండి, నాకదేం పెద్ద, అని మధ్యలో ఆపి, సాయంత్రం క్లబ్బులో ఆటకు రమ్మన్నారు, ఇవాల్టికి వెళ్ళి రానా అంది, వెళ్ళు అన్నాడు, వెళ్ళింది, ఇప్పుడు అక్కడే ఉంది, అక్కడికే పోయి అందరి ముందూ చెప్పేస్తాడు, మర్యాదగానే, మాకు వ్యాపారంలో తీరిక ఉండదండీ, ఇప్పట్లో వీలు కాదండీ, ఇద్దరమూ అనుకున్నామండీ, ఇద్దరమూ అన్నమాట గట్టిగా చెప్పాలి, వాళ్ళు తనను వద్దన్నారని నలుగురికీ తెలిసేలోపు తనే వద్దంటే గౌరవం, రేపటి నుంచి ఆమె ఇంట్లో ఉంటుంది, ఎప్పటిలాగే, అతను పైగుండీ పెట్టుకుని, తాళం వేసి, బయల్దేరాడు.

వీధిలో మనిషి లేడు, పొద్దు వాలింది, ఎవరి దొడ్లోనో పైపు నీళ్ళు చిమ్ముతోంది, తడి మట్టి వాసన, జడ్జిగారి పాత కారు మీద రాలిన పూలు అలాగే ఉన్నాయి, ఎవరూ తుడవరు, తుడవకపోవడమే ఇక్కడ గొప్ప, తన కారైతే పొద్దున్నా సాయంత్రం రెండుసార్లు తుడిపిస్తాడు, రోడ్డు పక్కన క్లబ్బులోంచి ఎగిరొచ్చిన తెల్లబంతి ఒకటి పడి ఉంది, వచ్చిన మొదటి రోజు ఇలాంటిదే పెరట్లో పడితే జేబు రుమాలులో తుడిచి అల్మారాలో పెట్టుకున్నాడు, ఇప్పుడు కాలితో తన్నాడు, అది కాలువలో పడింది, వ్యాపారంలో తీరిక ఉండదండీ, కాదు, తీరిక దొరకదండీ, దొరకదండీ అంటే బాగుంటుంది, డాక్టరమ్మ అయ్యో అంటుంది, అననీ, జడ్జిగారు కర్ర నేలకు ఆనించి తన భార్య వంక చూస్తారు, చూడనీ, ఆమె ముక్కలు బోర్లించి లేస్తుంది, పదండి అంటుంది, ఎదురు చెప్పదు, ఏనాడూ చెప్పలేదు, పిల్లను హాస్టల్లో వేసేటప్పుడు చెప్పలేదు, పాత ఇల్లు అమ్మేటప్పుడు చెప్పలేదు, ఇక్కడికి వచ్చేటప్పుడూ చెప్పలేదు, కంచె పక్కనే నడుస్తున్నాడు, ఇంకో నాలుగడుగులు వేసి మలుపు తిరిగితే గేటు, గేటు దగ్గర వాచ్‌మన్, ఎవరు కావాలండీ అంటాడు, ఏం చెప్పాలి.

అప్పుడు వినిపించింది, కంచెకు అవతలి నుంచి, ఒక ఆడమనిషి నవ్వు, పెదాలు కలిపి పట్టుకుని నవ్వే ఈ వీధి నవ్వు కాదు, కడుపులోంచి పుట్టి, మధ్యలో ఊపిరి చాలక కీచుమని ఆగి, ఆగిందిలే అనుకునేసరికి మళ్ళీ మొదలయ్యే నవ్వు, బల్ల మీద అరచేత్తో చరుస్తున్న చప్పుడు కూడా, అయ్యో నేను చచ్చిపోతాను ఇక నవ్వించకండి అన్నట్టు, అతను నడిచేవాడల్లా ఆగిపోయాడు, చెప్పాల్సిన మాట సగంలో మరిచిపోయాడు, తనకు తెలియకుండానే తన పెదాలు కూడా విచ్చుకున్నాయని కాసేపటికి గాని తెలియలేదు, ఎవరి భార్యో, ఎవడో మహానుభావుడు నక్క తోక తొక్కి వచ్చాడు, ఇలాంటి నవ్వు ఇంట్లో పెట్టుకున్నవాడికి పచ్చిక ఎందుకు, క్లబ్బెందుకు, వాడు ఇంటికొచ్చేసరికి ఈ నవ్వు తలుపు తీస్తుంది, ఏవో కబుర్లు చెబుతుంది, వాడేదో అంటాడు, మళ్ళీ నవ్వుతుంది, గోడలు కూడా విని మెత్తబడిపోతాయి, తన ఇంట్లోనూ ఉంది ఒక నవ్వు, మంచిదే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అతని మొహం చూసి, నవ్వొచ్చా అని అడిగి నవ్వినట్టుండే నవ్వు, ఇన్నాళ్ళూ అది ఆమె తీరే అనుకున్నాడు, బోర్డుల మీదా కార్ల మీదా పడ్డ కుళ్ళంతా కలిపి ఒక ఎత్తు, ఈ ముక్కూ మొహం తెలియని మొగుడి మీద ఇప్పుడు పుట్టిన కుళ్ళు ఒక ఎత్తు, వాడెవడో చూడాలనిపించింది, వాడి చొక్కాకు పైగుండీ ఉందో లేదో చూడాలనిపించింది, పాత అలవాటేగా, రెండు చేతులతో కంచె ఆకులు పక్కకు తీసి తొంగి చూశాడు.

వరండాలో దీపం, బల్ల, జడ్జిగారు అలిగిన చిన్నపిల్లాడిలా చేతిలో ముక్కలు విసిరికొట్టి తను కూడా నవ్వుతున్నారు, డాక్టరమ్మ కళ్ళజోడు తీసి రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది, చెవులు వినపడని పెద్దాయన ఏమైంది ఏమైంది అని అడుగుతూ, ఎవరూ చెప్పకపోయినా నవ్వుతున్నాడు, నాలుగో మనిషి ఇటు వీపు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, తల వెనక్కి వేలాడేసి నవ్వుతోంది, ఆ వీపు అతనికి తెలుసు, ఆ మెడ మీది పుట్టుమచ్చ తెలుసు, చేతులు అడ్డం లేవు, ఒకటి బల్ల మీద ఉంది, ఇంకోటి పక్కనున్న డాక్టరమ్మ భుజం మీద ఉంది, ఆకులు వదలాలని తోచక అతను అలాగే పట్టుకుని నిలబడ్డాడు, ఆ అదృష్టవంతుడు ఎవడో కాదు తనే, పేరు తనదే, ఇల్లు తనదే, రాత్రికి ఆమె వచ్చేది తన దగ్గరికే, వద్దని ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, అలాగే లెండి అని లేచి వచ్చేస్తుంది, రేపు కూడా వస్తుంది, మాట్లాడకుండా వస్తుంది, భోజనం పెడుతుంది, అంత సులువైన పని కోసం ఇంత దూరం నడిచి వచ్చాడు, నోట్లో ఆ మాట అలాగే ఉంది, బయటికి రావడం లేదు, లోపల మళ్ళీ ముక్కలు పంచుతున్నారు, ఆమె ఏదో అంది, ముగ్గురూ ముందుకు వంగి విన్నారు, అతనికి వినపడలేదు, తన భార్య నవ్వు ఎలా ఉంటుందో ఆ ముగ్గురికీ తనకంటే ముందే తెలుసు.