మూడో అంతస్తులో మానేసినవాళ్ళు

లిఫ్టు మెకానిక్కు తాగుడు మానాలన్న బుద్ధి పుట్టింది భార్య ఏడుపు చూసి కాదు, తోడల్లుడి మాట విని. ఇద్దరూ ఒకే కంపెనీలో పదకొండేళ్ళుగా జోడీగా పనిచేస్తున్నారు. ఒకరు పైన మెషిన్ గదిలో ఉంటే, ఇంకొకరు లిఫ్టు కింది గోతిలోకి దిగుతారు. ఒకనాడు పొద్దున్నే రెండు గుక్కలు వేసుకొచ్చిన మెకానిక్, కింద మనిషున్నాడన్న సంగతే మరిచి మెయిన్ స్విచ్ వేశాడు. లిఫ్టు రెండడుగులు కిందికి దిగి ఆగింది. తోడల్లుడు గోడకు బల్లిలా అతుక్కుపోయి బతికి బయటపడ్డాడు.

బయటికొచ్చి కేకలెయ్యలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఆఫీసులో చెప్పను. మా ఆవిడకీ చెప్పను, చెబితే మీ ఆవిడకి చేరుతుంది. కానీ ఇకమీదట నువ్వు పైనుంటే నేను కిందికి దిగను తమ్ముడూ," అన్నాడు.

నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి మెకానిక్ చుక్క ముట్టలేదు. చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు. అవైనా ఓర్చుకున్నాడు గానీ, సాయంత్రం ఐదయ్యేసరికి కాళ్ళు వాటంతటవే షాపు వైపు లాగుతుంటే భయమేసింది. ఒంటరిగా తనవల్ల కాదని తేలిపోయింది. ఆసుపత్రి గోడ మీద చూసిన నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు పేరైనా అడక్కుండా చెప్పింది: ఆదివారం పదింటికి, పోస్టాఫీసు వెనక స్కూల్లో, ఏడో గది.

ఇంట్లో డ్యూటీ అని చెప్పి, పనిసంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. అప్పటికి తొమ్మిదో రోజు.

తీరా వెళ్తే ఏడో గదిలో బెంచీలన్నీ ఒక మూలకు నెట్టి ఉన్నాయి. నిచ్చెన మీద పెయింటర్ గోడకు రంగు వేస్తున్నాడు.

"ఏం కావాలండీ?"

తాగుబోతుల మీటింగ్ ఎక్కడని అడగడానికి నోరు రాలేదు. "ఇక్కడేదో... ఆదివారం మీటింగు..."

"యోగా వాళ్ళా? చదరంగం వాళ్ళా?"

"కాదు. ఇంకోటి."

పెయింటర్ బ్రష్ ఆపి, "ఓహో, మానేసినవాళ్ళా!" అన్నాడు వీధంతా వినపడేలా. "ఈ రంగుల పనివల్ల వాళ్ళు మొన్నే మారిపోయారండీ. పక్క సందులో ప్రింటింగ్ ప్రెస్సుంది చూడండి, దాని పైన మూడో అంతస్తు. మా మామయ్యా పోతుంటాడు. త్వరగా వెళ్ళండి, టీ అయిపోతుంది."

తొమ్మిది రోజులకే ఆ పేరు తనకు చెల్లుతుందా అని ఆలోచిస్తూ మెకానిక్ సందులోకి తిరిగాడు.

ప్రెస్సు పక్కన లిఫ్టు తలుపులు సగం తెరుచుకుని ఉన్నాయి. ఎదురుగా స్టూలు మీద, చేతికర్రతో ఒక పెద్దావిడ. రిటైరైన లెక్కల టీచరమ్మ. అతని భుజాన సంచి చూసి, "హమ్మయ్య, వచ్చారా! శుక్రవారం నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాం," అంది.

"ఆఁ, వచ్చానండీ," అనేశాడు. అబద్ధం అంత సులువుగా వచ్చింది. ఏళ్ళ అలవాటు మరి.

"మోకాలు ఆపరేషనైంది, మెట్లెక్కలేను. పైన ఆరుగురు కూచున్నారు. నేను లేందే మొదలెట్టరు, మొండిఘటాలు."

మెకానిక్ కరెంటు ఆపించి, తలుపు దగ్గర వంగి టార్చి వేశాడు. ప్రెస్సు నుంచి ఎగిరొచ్చిన కాగితం ముక్కలు తలుపు జారే గాడిలో గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో పెళ్ళగిస్తుంటే చెయ్యి వణికి రెండుసార్లు జారింది. టీచరమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఆవిడకి ఫోనొచ్చింది. "అలాగే, అలాగే," అని పెట్టేసింది.

పావుగంటలో లిఫ్టు కదిలింది.

"పైదాకా తోడు రండి. మధ్యలో ఆగితే నా గుండె కూడా ఆగుతుంది."

మూడో అంతస్తులో ఆవిడ దిగి, వెనక్కి తిరిగింది. "చాలా థాంక్సండీ. ఇక మీ ఇష్టం."

మెకానిక్ వేలు కిందికెళ్ళే బటన్ మీదే ఉంది. నొక్కితే సరిపోయేది. గదిలోంచి ఎవరిదో దగ్గు, ఎవరిదో నవ్వు వినిపించాయి.

"నేను లిఫ్టు కోసం రాలేదండీ," అన్నాడు.

"తెలుసు. లిఫ్టువాళ్ళు ఇందాకే ఫోన్ చేశారు, రేపొస్తారట."

"మరి అడగలేదేం?"

"నేనూ మొదటిసారి వచ్చినప్పుడు, లైబ్రరీ అనుకుని వచ్చానని చెప్పాను నాయనా. పదండి, టీ చల్లారిపోతుంది."

లోపల బస్సు డ్రైవరు, నర్సు, పెయింటర్ మామయ్య, ఇంకో ముగ్గురు ఉన్నారు. తన వంతు వచ్చినప్పుడు "తొమ్మిది రోజులు" అని ఆగిపోదామనుకున్నాడు. గోతి సంగతి దానంతటదే బయటికొచ్చేసింది. ఎవరూ అయ్యో అనలేదు, ఛీ అనలేదు. అంతా విన్నాక డ్రైవరు, "వచ్చే ఆదివారం వస్తావా?" అన్నాడు.

"చూస్తా."

"చూడ్డం కాదు, రా."

ఇంటికెళ్ళి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె, "బావ నాతో ఒక్కమాటైనా అనలేదే!" అని మాత్రం అంది.

మూడో నెలలో ఒకసారి జారాడు. రెండు రోజులు తాగి, మూడో రోజు సిగ్గుపడుతూ వెళ్ళి అదీ చెప్పుకున్నాడు. మళ్ళీ ఒకటి నుంచి లెక్క. తోడల్లుడు మళ్ళీ గోతిలోకి దిగడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. దిగేముందు అతని మొహంలోకి ఒకసారి చూశాడు, అంతే.

పోయిన నెల ప్రెస్సువాళ్ళు గది ఖాళీ చెయ్యమన్నారు. కొత్త చోటు వెతకడానికి బయల్దేరిన ఇద్దరిలో మెకానిక్ ఒకడు. కుట్టుమిషన్ల షాపు వెనక ఒక హాలు దొరికింది. వెలుతురు బాగానే ఉంది గానీ ఫ్యాను చప్పుడెక్కువ. అందరూ కాస్త గట్టిగా మాట్లాడాల్సొస్తోంది.