నీలం తొడగని జట్టు

స్టేడియం కమిటీ ఆఫీసు బల్ల మీద పరిచిన కాగితంలో పదిహేడు చొక్కాల బొమ్మలున్నాయి. ఊళ్లో ఒకప్పుడు ఆడి, ఆగిపోయిన ఫుట్‌బాల్ జట్లన్నీ అవి. కొత్త స్టేడియం గోడ మీద జట్టుకొక పలక, దాని మీద పేరు, చొక్కా రంగు వేయించబోతున్నారు. పదకొండో బొమ్మ కింద రంగుల కార్ఖానా జట్టు అని రాసి, చొక్కాకు నీలం పూశారు. అది చూడగానే, కుటుంబం తరఫున సంతకానికి తమ్ముడితో వచ్చిన రంగులక్కకు ఒళ్లు మండిపోయింది.

ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ముప్ఫై ఏళ్లుగా అదే కార్ఖానాలో, బట్టలకు రంగులద్దే తొట్ల దగ్గర పని. మోచేతుల దాకా రంగు, ముక్కు మీద కోపం, ఎంత రుద్దినా రెండూ వదల్లేదు. ఆ జట్టుకు గోల్స్ కొట్టిపెట్టింది ఆమె తాత.

"మావాళ్లు ఒక్కనాడూ నీలం తొడగలేదండీ," అంది.

కార్యదర్శి మంచివాడే గానీ కాగితంలో లేనిది లోకంలో లేదనే రకం. పాత లీగ్ పుస్తకం తెరిచాడు. "ఇదుగోనమ్మా, నీలం అనే ఉంది. ఫోటోలో కూడా చొక్కాలు ముదురుగానే ఉన్నాయి."

"నలుపు తెలుపు ఫోటోలో ఎరుపైనా ముదురుగానే పడుతుంది. రంగుల సంగతి నాకా చెప్తారు?"

"మరి మీవాళ్లది ఏ రంగు?"

"ఏ వారం రంగు ఆ వారానిదే."

పక్కన కూర్చున్న తమ్ముడు, ఎక్కడో గుమాస్తా పని చేసుకునే నెమ్మదైన మనిషి, ఇక మొదలైందిరా బాబూ అని తల పట్టుకున్నాడు. అక్క ఆగే మనిషా!

చొక్కాలు కొనే స్తోమత లేదు వాళ్లకి. శనివారం సగం పూట పనయ్యాక తొట్టిలో ఏ రంగు మిగిలితే అందులో ముంచేవాళ్లు. శుక్రవారం మళ్లీ బ్లీచింగ్ పొడి వేసి ఆ రంగు దింపేవాళ్లు. దింపీ దింపీ ఏడాది తిరిగేసరికి చొక్కాలు దోమతెరల్లా అయ్యేవి. ఒకసారి ఆకుపచ్చ మిగిలింది. తీరా మైదానానికి వెళ్తే అవతలి రైల్వే షెడ్డు వాళ్లదీ ఆకుపచ్చే! తాత పెనాల్టీ గీత దగ్గర నిలబడి, "ఒరేయ్, ఇటివ్వరా!" అని కేకేశాడు. షెడ్డువాడు తనవాడే అనుకుని బుద్ధిగా బంతి ఇచ్చాడు. తాత గోల్ కొట్టాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, షెడ్డువాళ్లు తప్ప.

వాళ్లు లీగ్‌కు ఫిర్యాదు చేశారు. ప్రతి జట్టుకూ ఒకే రంగు ఉండాలని లీగ్ తేల్చింది. అప్పుడు కార్ఖానా యజమానికి ప్రేమ పుట్టుకొచ్చింది. నీలం చొక్కాలు తనే కుట్టిస్తానని చెప్పి, నీలం అని పుస్తకంలో కూడా రాయించేశాడు. ఆ తర్వాత మెలిక పెట్టాడు. రంగు మందులకు చేతులు కాలుతున్నాయి, చేతి తొడుగులు ఇమ్మని నలుగురినీ కూడగట్టినవాళ్లు జట్టులో ఇద్దరున్నారు, వాళ్లని తీసేయాలి.

"పదకొండు మందీ ఆ చొక్కాలు మాకొద్దన్నారు. లీగ్ గెంటేసింది, జట్టు పోయింది. ఇప్పుడు మీరొచ్చి ఆ నీలమే పూస్తామంటారా?"

కార్యదర్శి ముఖం చిన్నబోయింది. "నేను నమ్ముతానమ్మా. కానీ ఒక రంగు రాయకపోతే పెయింటర్ ఏం వేస్తాడు? రేపే వస్తున్నాడు. కుటుంబం తరఫున ఒక సంతకం చాలు. లేకపోతే పేరు ఒక్కటి రాసి పలక ఖాళీగా వదిలేయాల్సిందే."

తమ్ముడు కలం అందుకున్నాడు. "పోనీలే అక్కా. అందరిలా తాత జట్టు చొక్కా కూడా గోడెక్కుతుంది, అది చాలదూ? ఆయన మీద కక్షగట్టిన యజమాని కూడా ఎప్పుడో పోయాడు."

"తాత మీద కక్ష అని ఎవరన్నారురా?"

"తీసేయమన్న ఇద్దరిలో తాత ఒకడు కాదా?"

"కాదు. తాతకి యజమాని దగ్గర ఏ గొడవా లేదు. నీలం తొడుక్కుని హాయిగా ఆడుకోవచ్చు. అప్పటికి ఇరవై మూడేళ్లు. మళ్లీ జన్మలో బంతి తన్నలేదు."

తమ్ముడికి ఈ ముక్క ఇన్నాళ్లూ తెలియదు. కలానికి మూత పెట్టాడు.

"ఖాళీగానే వదిలేయండి," అంది రంగులక్క.

"చూసేవాళ్లు ఏమనుకుంటారమ్మా?"

"ఏమనుకుంటారో అనుకోనివ్వండి. నీలం మాత్రం పడకూడదు."

స్టేడియం తెరిచిన రోజు శనివారం. రంగులక్క పని దిగి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా అదే అనుమానం. తన పంతం కొద్దీ తాత జట్టును గోడ మీద వెలవెలబోయేలా నిలబెట్టానేమో! పదహారు పలకలు కళకళలాడుతున్నాయి. జనం వాటిని చూసుకుంటూ నడిచిపోతున్నారు. పదకొండోది వట్టి సున్నపు తెలుపు, కింద పేరు. అక్కడ మాత్రం ఓ ముప్ఫై మంది గుంపు కట్టి ఉన్నారు.

గుంపు మధ్యలో తమ్ముడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి చేతులూపుతూ కథ చెప్తున్నాడు. ఒక గోల్‌ను రెండు చేసేశాడు కూడా. రంగులక్క దిద్దబోయి, నోరు మూసుకుని వెనక నిలబడింది.

"ఇంత కథ ఉందా! మరి ఏదో ఒక రంగు వేసేయాల్సింది కదండీ. కమిటీ వాళ్లు వద్దన్నారా?" అని అడిగాడొకాయన.

"కమిటీ కాదండీ," అన్నాడు తమ్ముడు. "మేమే వద్దన్నాం."