జలపాతం దగ్గర ఆగే బస్సు

అక్షరాలు నాకు ఆలస్యంగా పట్టుబడ్డాయి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. చెయ్యి మెల్లగా నడుస్తుంది, అందుకే కథ కూడా చిన్నది.

బస్సు డ్రైవరు పెళ్లానికి ఆ కబురు మోసింది పక్కింటి కండక్టరు. "వదినా, కొండ మీద జలపాతం దగ్గర అన్నయ్య రోజూ బండి ఆపుతాడు. టీకొట్టావిడ ఆయన్ని చూడగానే రోడ్డు మీదికి ఎదురొస్తుంది" అన్నాడు నవ్వుతూ. నవ్వులాటకే అన్నాడు గానీ, ఆమెకు అది నవ్వులాటగా తోచలేదు. ఇంట్లో ఆ మనిషికి నోరు పెగలదు. పెట్టింది తినడం, ముసుగు తన్నడం. మాటలన్నీ కొండెక్కి ఒలకబోస్తున్నాడన్నమాట!

మర్నాడు చెప్పాపెట్టకుండా వెళ్లి అదే బస్సెక్కింది. అద్దంలో ఆమె కనబడగానే ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎక్కడికే?"

"జలపాతానికి. ఊరంతా చూస్తున్నారుగా, నేను చూస్తే అరిగిపోతుందా?"

అడవి చిక్కబడింది. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కనే, కొండ నెత్తి మీంచి నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. తుంపర కిటికీల్లోంచి ముఖాల మీద పడింది. జనం ఆహా ఓహో అంటూ ఫోన్లు తీశారు. ఆమె చూపు మాత్రం టీకొట్టు మీదే. కొట్టావిడ వయసులో చిన్నదీ కాదు, అందగత్తె అంతకన్నా కాదు. ఎత్తుపళ్లు. దాంతో ఇంకా మండింది. దీన్లో ఏం చూశాడు?

ఇంజను వేడెక్కిందంటూ ఆయన బకెట్టు పట్టుకుని దిగాడు. ఇంజను జోలికి పోలేదు. కొట్టు వైపూ పోలేదు. బండల వెనక్కి వెళ్లి, చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా నీళ్లలో పెట్టి నిలబడ్డాడు. వెనకాలే దిగొచ్చిన ఆమె చూసింది, ఆ చేతులు గడగడ వణుకుతున్నాయి.

కొట్టావిడ రోడ్డు మీదికొచ్చి కేకేసింది. "రండి బాబూ, వేడి వేడి టీ! అటు పాకుడు, కాళ్లు విరుగుతాయి!" బస్సు దిగిన జనమంతా కొట్టు వైపు తిరిగారు.

"ఏంటా వణుకు?" అడిగింది ఆమె, ఆవిణ్ణి పక్కకు లాగి.

"డ్రైవరు బాబు ఇంటావిడవేగా, నీకు చెప్పలేదా అక్కా? మొన్న వానల్లో, ఖాళీ బండి దింపుతుంటే లోయ అంచు దాకా జారింది. అప్పట్నుంచి ఇక్కడికొచ్చేసరికి చేతులు మాట వినవు. చన్నీళ్లలో పెడితే కాసేపటికి కుదుటపడతాయి. జనం చూస్తే బెదురుతారని నేనిలా అరుస్తా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలిస్తే బండెక్కనివ్వవట. లోయకన్నా నీకే ఎక్కువ జడుస్తాడు తల్లీ!"

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన ఈవిడతో ఇకఇకలాడినా ఇంత కుళ్లు పుట్టేది కాదు. పక్కలో పడుకునే తనకు తెలియని భయం, ఈ ఎత్తుపళ్లావిడకు తెలుసు.

ఇంతలో ఒకడు ఫోను పట్టుకుని బండల వైపు నడిచాడు. కొట్టావిడ నోరు తెరిచింది.

"నువ్వుండు. ఇవాళ నేను అరుస్తా" అని ఆమె వాడి దారికి అడ్డంగా నిలబడింది. "ఎక్కడికి నాయనా? టీ చల్లారిపోతోంది, పద పద!"

ఆ గొంతుకి ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. చేతులు మాత్రం నీళ్లలోంచి తియ్యలేదు. ఆమె చూడనట్టే ఇటు తిరిగి, కొట్టావిడకన్నా పెద్దగా ఇంకో కేక పెట్టింది.

— బుడ్డమ్మ (ఇంట్లో పిలిచే పేరు), అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది చిన్నమ్మాయి వాళ్లింట్లో, మేడ మీద గదిలో.