గాలాడని డబ్బా

బతు బస్తీ నుంచి గోల్ ఘర్‌కు బస్సులో టిఫిన్ క్యారియర్లు మోసుకెళ్లడం నాకు పన్నెండేళ్ల అలవాటు. దేవేంద్ర కొట్లో పనిచేసే పదిమందికి మధ్యాహ్నం అన్నం నేనే వండి తీసుకెళతాను. ఈమధ్య మోకాళ్లు నా మాట వినడం లేదు. బస్సు దిగాక ఉన్న ఆ కాస్త ఎత్తూ ఎక్కడానికి రెండుసార్లు ఆగుతాను. ఆగినచోట ఎవరో ఒకరు పలకరిస్తారు, నేను కబుర్లలో పడతాను, అన్నం చల్లారిపోతుంది.

ఆ కొట్లోనే మా మనవరాలు సుచరిత తన కంపెనీ డబ్బా ఒకటి పెట్టింది. నా కూతురి బిడ్డ. అమ్మానాన్నలు డిగ్లిపూర్‌లో పొలం చేసుకుంటారు, ఇది చదువుకోసం నా దగ్గరికి వచ్చి ఉండిపోయింది. చెన్నైలోని ఆ కంపెనీ వ్యాపారస్తుల కంప్యూటర్లకు కాపలా సామాను అమ్ముతుంది. ఈ దీవులన్నిటికీ వాళ్ల మనిషి సుచరిత ఒక్కతే.

"కాపలా అంటే ఏటే?" అని అడిగాను ఒకరోజు.

"ఓడెక్కే నిచ్చెనకాడ టికెట్లు సూసే బాబు ఉంటాడు కదమ్మమ్మా. టికెట్ లేనోణ్ని ఆపేస్తాడు. సంటిపిల్లల్తో ఉన్నోళ్లని ముందు పంపుతాడు, పెద్ద సామానోళ్లని పక్కన నిలబెడతాడు. మా డబ్బా నెట్‌లో ఆ పనే సేస్తాది. దొంగోడు రాకూడదు, బిల్లు ఆగకూడదు."

ఇంకా మా దీవులకు సముద్రం అడుగునుంచి కేబుల్ రాలేదు. నెట్ ఆకాశంలోంచి చుక్కచుక్కగా వస్తుంది. దేవేంద్రకు రంగత్‌లోనూ హట్ బేలోనూ కొట్లున్నాయి. ఎక్కడ ఎన్ని బస్తాలున్నాయో తెరమీద కనబడేలోగా బయటికెళ్లి టీ తాగి రావచ్చు. డబ్బా పెట్టాక ఆ బాధ తగ్గింది. నెలరోజులు వాడి చూసి, నచ్చితే శనివారం సంతకం పెట్టిస్తానన్నాడు దేవేంద్ర. అది పడితే పిల్ల ఉద్యోగం ఖాయం. పడకపోతే దీవుల్లో మనిషిని తీసేస్తామని కంపెనీవాళ్లు ముందే రాశారు. ఏడాదిగా అది ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడేది.

ఇరవై ఆరు రోజులు బాగానే నడిచింది. బుధవారం తెల్లవారుజామున భూమి కదిలింది. పెద్దదేం కాదు, గిన్నెలు గలగలమని ఊరుకున్నాయి.

కెరటం చూసిన మా ఇళ్లలో ఒక అలవాటుంది. భూమి కదిలితే చాలు, కాగితాల మూట దించి చూస్తాం. రేషన్ కార్డు, పట్టా, పెళ్లి ఫోటో అన్నీ రెండు పొరల పాలిథిన్‌లో చుట్టి, నైలాన్ తాడుతో బిగించి అటకమీద పెడతాం. ముడి వదులైతే మళ్లీ కడతాం.

మాకు హట్ బేలో జెట్టీ దగ్గర కిరాణా కొట్టుండేది. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున అందరం మిట్టవైపు పరుగెత్తాం. క్రిస్మస్ సెలవులకు వచ్చిన సుచరిత నా చంకలో ఉంది. ఆరేళ్ల పిల్ల. సగం దారిలో మా ఆయన ఎర్రయ్య ఆగిపోయాడు. "లైసెన్సు పెట్టెలో ఉండిపోనాది, నువ్వు నడు" అని వెనక్కి తిరిగాడు. అంతే. మనిషీ దొరకలేదు, పెట్టే దొరకలేదు. తర్వాత మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. కొట్టుందనడానికి కాగితమేదని ఒకరు, మనిషి ఉండేవాడనడానికి కాగితమేదని ఒకరు. ఆ ఆఫీసు బల్లలమీద నా పక్కన కూర్చున్నది గవరమ్మ, దేవేంద్ర తల్లి. ఆవిడకూ ఇల్లూ మనిషీ పోయినవే. అలా వదినలమయ్యాం.

గురువారం నేను క్యారియర్లు దించేసరికి గవరమ్మ కొట్టు వెనకగదిలో తన మూట విప్పుకుని కూర్చుంది. ఎదురుగా గోడమీది చట్రంలో సుచరిత డబ్బా, ఒంటిమీద ఏమీ లేకుండా, పచ్చదీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ ఉంది.

"వదినా, దీన్నేటి ఇలా వొదిలేసినారు?"

"నీ మనవరాలే అలా పెట్టినాది. మావోడు ఎవుళ్లనీ ముట్టుకోనివ్వడు, ఎవుళూ తలెత్తి సూడరు కూడా."

"దాని బతుకంతా ఇందులోనే ఉంది. రేపేదన్నా అయి తడిసిపోతే?"

"ఉండు, నాకాడ కవరు మిగిలినాది."

నేను స్టూలెక్కాను. ఆవిడ నా కాళ్లు పట్టుకుంది. తీగలు ఒక మూలనుంచి బయటికి వదిలి, రెండు పొరలు చుట్టి ముడేశాను. "సీమ కూడా దూరదు" అని మెచ్చుకుంది గవరమ్మ.

ఆ మధ్యాహ్నం మూడింటికి తెరలన్నీ ఆగిపోయాయి. శుక్రవారం అన్నం వేళకే ఆగాయి. సుచరిత రంగత్ కొట్లో లైను సరిచేయడానికి వెళ్లి శుక్రవారం సాయంత్రానికి తిరిగొచ్చింది. గుమ్మంలో కూర్చుంది.

"పాడైన డబ్బా పంపినారమ్మమ్మా. దాని ఒళ్లు కాలిపోతందని చెన్నైలో కనబడతందంట. రేపొచ్చి ఎత్తుకెళ్లిపో అన్నాడు దేవేంద్ర భయ్యా."

"ఒళ్లు కాలిపోడమేటే?"

"లోపల పంకా ఉంటాది. గాలాడకపోతే వేడెక్కి ఆగిపోతాది. కానీ గది అదే, సోటు అదే. మరెందుకో."

బియ్యంలో రాళ్లేరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆ పిల్ల కళ్లు మూసుకుని తల తలుపుకు ఆనించింది. పదిహేనేళ్లు పెంచినదాని కూడు నా చేత్తో కట్టేశానని ఎలా చెప్పను? "అన్నం తిను" అన్నాను.

శనివారం ఇద్దరం కలిసే బస్సెక్కాం. కౌంటర్ దగ్గర దేవేంద్ర తలెత్తకుండానే, "ఆజా సుచరితా. నీ డబ్బా రాకముందే నయం యార్. లేటైనా తెర వచ్చేది" అన్నాడు.

"ఒక్కసారి సూడనీ భయ్యా."

వెనకగదిలోకి నడిచి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దాని వెనకే వచ్చిన దేవేంద్ర పైకి చూశాడు.

"యే క్యా హై? శవానికి సుట్టినట్టు నా డబ్బాకి కఫన్ కట్టిందెవరు?"

"నేనేరా" అన్నాను.

"ముడి ఆవిడిది, కవరు నాది" అంది గవరమ్మ వెనకనుంచి.

"అమ్మా! రెండ్రోజులు బేరాలన్నీ పోగొట్టినారు మీ ఇద్దరూ. నన్ను కట్టలేదు, అదే సంతోషం."

"నువ్వొక సోట కూకుంటే కడుదుము."

సుచరిత నవ్వలేదు. స్టూలెక్కి ముడి లాగింది, రాలేదు. దిగి నాకు దారిచ్చింది. నా ముడి నేనే విప్పాను. లోపలినుంచి వేడి మొహానికి కొట్టింది. పిల్ల నా చేతిలోంచి కవరు తీసుకుంది. తిట్టినా బాగుండేది.

"మరి ఇప్పేస్తే తడిసిపోదేటే?" అంది గవరమ్మ.

"తడిసిపోనీ మామ్మా. దీన్లో మేం పెట్టిన ఏర్పాట్లన్నిటికీ చెన్నైలో నకలుంది. ఇది సముద్రంలో కలిసిపోయినా కొత్తదొస్తాది, ఆ నకలు దాన్లో ఎక్కిస్తే మళ్లీ ఇదే." కవరు మడతపెడుతూ నెమ్మదిగా అంది. "దీనికోసం ఎవుళూ ఎనక్కి ఎల్లక్కర్లేదు."

ఆరేళ్ల పిల్లకు ఆ మిట్ట, ఆ మాట గుర్తున్నాయని నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. నేను బియ్యం బస్తామీద కూర్చున్నాను. ఆ రోజు మా పెట్టెలోని కాగితాలకు ఎక్కడో ఒక నకలుండి ఉంటే అనిపించింది. గవరమ్మ వచ్చి పక్క బస్తామీద కూర్చుంది. ఒకప్పటి ఆఫీసు బల్లమీద లాగే.

"చలో, ఈ పూట సూద్దాం" అన్నాడు దేవేంద్ర.

అందరూ కంచాలు పట్టుకుని తెర ముందే తిన్నారు. మూడయ్యింది. పాత గుమాస్తా దానయ్య రంగత్ బిల్లు నొక్కాడు, వచ్చింది. హట్ బేది నొక్కాడు, వచ్చింది. నాలుగయ్యాక దేవేంద్ర కాగితాలు తీసి తల్లి ముందు పెట్టాడు. కొట్టు ఆవిడ పేరు మీదే ఉంది. గవరమ్మ సిరాలో బొటనవేలు అద్దింది కానీ కాగితం మీద ఆనించలేదు.

"దీనికీ నకలుందా?"

"ఉంది మామ్మా, చెన్నైలో."

"సెన్నైది సెన్నైలో ఉండనీ. నాకొకటియ్యి."

సుచరిత ఇంకో కాగితం చేతికిచ్చాకే వేలిముద్ర పడింది. గవరమ్మ ఆ నకలును నాలుగు మడతలు పెట్టి, డబ్బాకు విప్పిన కవరులోనే చుట్టింది. "ముడి నువ్వెయ్యి వదినా" అంటే వేశాను.

తిరుగు బస్సులో ఖాళీ క్యారియర్లు సుచరితే ఒళ్లో పెట్టుకుంది. వాటి మూతలు సరిచేస్తూ అడిగింది.

"ఇంకెక్కడన్నా కట్టినావా అమ్మమ్మా?"

"నేదే" అన్నాను.

వచ్చేవారం ఇంకో కొట్లో పెట్టడానికి దాని కంపెనీ పంపిన కొత్త డబ్బా మా అటకమీద, రెండు పొరల పాలిథిన్‌లో, నా ముడితోనే ఉంది. పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు నిచ్చెనెక్కి విప్పేయాలి. మోకాళ్లు ఏమంటాయో చూడాలి.