ముక్కలు నల్లబడాలి

"టీ పలచగా ఉంది," అన్నాడు మా ఆయన, కప్పు ఖాళీ చేశాక.

ఎప్పుడూ ఖాళీ చేశాకే అంటాడు. సగంలో అంటే ఇంకాస్త పొడి వేసి మరిగించి ఇవ్వొచ్చు. తాగడం అయిపోయాక అంటే ఇక నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు, ఆ మాటని నెత్తిన పెట్టుకుని రోజంతా తిరగడం తప్ప. అదే గిన్నెలో టీ అత్తయ్యకి మాత్రం చేదెక్కి ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఇద్దరికీ విడివిడిగా కాచేదాన్ని. గ్యాసు దండగ అన్నారు, మానేశాను. పోనీ నేను పనిచేసేది ఇంకెక్కడైనా అయితే బాగుండేది. టీలో ఏమేముందో కొలిచే ల్యాబులో చేస్తున్నాను, అదే మా ఇంట్లో పెద్ద జోకు. చుట్టాలొస్తే చాలు, "మా ఆవిడ టీ మీద పరిశోధన చేస్తోంది, ఫలితాలు ఇంకా ఇంటిదాకా రాలేదు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు మరి.

టీ తాగినప్పుడు నాలుకకి తగిలే ఆ వగరుంది చూశారా, ఆకులోని కొన్ని పదార్థాలవల్ల వస్తుంది అది. సీసాల్లో అమ్మే టీల మీద ఆరోగ్యానికి మంచిదని రాసుకునేది వాటిని చూసుకునే. అవి ఎంత ఉన్నాయో తేల్చాలంటే పెద్ద యంత్రం ఉన్నచోటికి పంపించి రోజుల తరబడి కూర్చోవాలి. నేను తయారుచేస్తున్నది వేలెడంత పట్టీ. దాని కొసకి ఎంజైము చుక్క ఒకటి అంటించి ఉంటుంది. టీలో ముంచగానే అది వగరు పదార్థాన్ని పట్టుకుని మార్చేస్తుంది. ఆ మార్పులో పుట్టే పిసరంత కరెంటుని పక్కనున్న మీటరు చదివి, ఎంత ఉందో అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఆ ఎంజైము ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు. కోసిన బంగాళాదుంపని నల్లబరిచేది అదే.

కొనాలంటే అది బోలెడు ఖరీదు, తెప్పించమని అడిగితే మా డైరెక్టరు గారు చూద్దాంలే అంటారు. అందుకని దుంపల నుంచే తీద్దామనుకున్నాను. ఏ రకం దుంపలో ఎక్కువుందో తెలియాలి కదా, ఒక ఆదివారం నాలుగు రకాలు తెచ్చి, ముక్కలు కోసి, పళ్ళేల్లో పరిచి చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య వచ్చింది. ముక్కలు నీళ్ళలో వెయ్యాలని కూడా తెలీదా, మీ అమ్మ ఏం నేర్పిందని అడిగింది. "నల్లబడాలి అత్తయ్యా, అందుకే ఉంచాను," అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నేను ఫోను ఎత్తేందుకు వెళ్ళొచ్చేలోగా అన్నీ కలిపి కడిగేసి కూర వండేసింది. సాయంత్రం కూతురికి ఫోను చేసి, ముక్కలు నల్లబడాలిట అంటూ పడీపడీ నవ్వింది. మర్నాడు మళ్ళీ దుంపలు కొని, ఈసారి బీరువా మీద పెట్టి, స్టూలెక్కి దొంగలా చూసుకున్నాను. ఒక ఎర్రతోలు రకం, నేను కత్తి కడిగి వచ్చేలోపే నల్లబడిపోయింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎవరికైనా చెప్పాలని గబగబా హాల్లోకి వెళ్ళాను. హాల్లో ఇద్దరూ టీవీ చూస్తున్నారు. కాసేపు గుమ్మంలో నిలబడి, తిరిగి గదిలోకి వచ్చేశాను.

మా డైరెక్టరు గారు మంచివారు. అందరూ అంటారు, నేనూ అంటాను. ఆడవాళ్ళని ఎప్పుడూ గొంతు పెంచి ఒక మాట అనరు. ఎవరొచ్చినా మాత్రం, "నీ చేతి టీ బాగుంటుందమ్మా" అని నన్నే పంపుతారు. ఇంట్లో పలచగా ఉండే టీ ఇక్కడికొచ్చేసరికి అమృతం అయిపోతుంది.

ఆ రోజు సీసా టీల కంపెనీ నుంచి ముగ్గురు వస్తున్నారు. పట్టీ వాళ్ళకి నచ్చితే పని ముందుకు సాగుతుంది, ఏళ్ళ తరబడి ఇవాళో రేపో అన్నట్టున్న నా ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. నచ్చకపోతే నెలాఖరుకి ఇంటికే. "మానేస్తే హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చుగా" అని మా ఆయన ప్రేమగానే అంటాడు. హాయి ఎవరికో చెప్పడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి పట్టీలన్నీ ఫ్రిజ్‌లోంచి తీసి చూసుకున్నాను. చల్లార్చిన టీని చిన్న సీసాల్లో పోసి వరసగా పెట్టాను. వేడి టీలో మాత్రం ముంచొద్దు సార్, ఎంజైము చచ్చిపోతుందని డైరెక్టరు గారికి మళ్ళీ గుర్తుచేశాను. తెలుసులేమ్మా, ఊరికే కంగారుపడతావు అన్నారు. అంతలో వాళ్ళు రానే వచ్చారు. నేను మీటరు దగ్గర కూర్చోబోతుంటే, డైరెక్టరు గారు ముందు మంచి టీ పట్టుకురమ్మన్నారు, పొగలు కక్కుతూ ఉండాలన్నారు. మరి ఇక్కడ అన్నాను. నేను మొదలుపెడతాలే, నువ్వు వచ్చి అందుకో అన్నారు.

వెళ్ళాను. గోడ అవతల నవ్వులు వినిపిస్తున్నాయి. మేం కనిపెట్టాం, మేం సాధించాం అని ఆయన గొంతు. నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. ఈలోగా మా ఆయన ఫోను. ఆయనకి ఆ రోజు సెలవు, అత్తయ్య మాత్రలు కనబడలేదట. ఫ్రిజ్ మీద అన్నాను. లేవన్నాడు. వెనక చూడమన్నాను. విసుక్కుని పెట్టేశాడు. టీ తీసుకెళ్ళి అందరికీ ఇచ్చాను. ఒకాయనకి చక్కెర వద్దట, మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గదిలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. ఏదో చెడిందన్నమాట, ఎవరివల్లో తేల్చాలన్నమాట. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ, కంపెనీలో నాణ్యత చూసేది, ముందే సిద్ధం చేసినవి వద్దు, మేం తాగుతున్న టీనే కొలవమందట. డైరెక్టరు గారు ఏమాత్రం తగ్గకుండా, నేనిచ్చిన కప్పులోనే పట్టీ ముంచేశారు. మీటరు లెక్కన ఆ కప్పులో ఉన్నది ఉత్త వేడినీళ్ళు. మా ఆయన చూసుంటే పొంగిపోయేవాడు.

"ఏమ్మా, పట్టీలు ఫ్రిజ్‌లో సరిగ్గా పెట్టలేదా?" మెత్తగానే అడిగారు.

సారీ సార్ అన్న మాట నా పళ్ళ దాకా వచ్చేసింది. ఎన్ని సారీలు చెప్పి ఉంటాను నా జన్మలో! కూరలో ఉప్పుకి చెప్పాను, బస్సు ఆలస్యానికి చెప్పాను, ఒకసారి అత్తయ్యకి మోకాలు నొప్పి వస్తే దానికీ చెప్పాను. చెప్పేస్తే గొడవ ఉండదు, అందరూ ఊపిరి పీల్చుకుని వాళ్ళ పనుల్లో పడతారు. ఇప్పుడూ అంతే, ఒక్క మాట అంటే ఈయన పరువు దక్కుతుంది. పట్టీ మాత్రం పనికిరానిదైపోతుంది, దాంతోపాటు నేనూ. ఆ చక్కెర వద్దన్నాయన అప్పుడే బ్యాగు సర్దుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. డైరెక్టరు గారి మీదో, నా నోటి మీదో తెలియలేదు.

పెద్దావిడ నా వైపు తిరిగి, "ఇవి చేసేదెవరు?" అంది.

"నేనే."

"మరి ఇలా అయిందేం?"

"పచ్చి దుంప కోస్తే నల్లబడుతుందండీ. ఉడకబెట్టి కోస్తే నల్లబడదు. ఈ పట్టీ ఉడికిపోయింది."

ఆవిడ కప్పు వైపు చూసింది. ఇంకా పొగలు వస్తూనే ఉన్నాయి. పెదవి చివర నవ్వు దాచుకుని, మరైతే చల్లార్చి ఇంకోసారి చూద్దామంది. బ్యాగు సర్దుకుంటున్నాయన మళ్ళీ కూర్చున్నాడు.

డైరెక్టరు గారు వెంటనే అందుకున్నారు. అవునవును, తనూ అదే చెప్పబోతున్నానన్నారు. పట్టీల పెట్టె తన ముందుకి లాక్కుని, "ఈ కప్పు ఇక పనికిరాదు. నువ్వెళ్ళి ఇంకో టీ చల్లార్చి పట్టుకురామ్మా, ఈలోగా నేను కొత్త పట్టీ తగిలిస్తా," అన్నారు.

నా కాళ్ళు అప్పటికే తలుపు వైపు తిరిగాయి. అలవాటు పడ్డ కాళ్ళు, నన్ను అడగవు. గోడ అవతల నిలబడి టీని ఊదుతూ, ఇవతలి నవ్వులు వింటున్న నన్ను నేను మనసులోనే చూసుకున్నాను. వెనక్కి తిరిగి, చేతిలోని ట్రే ఆయన ముందు పెట్టాను. పట్టీల పెట్టె నా వైపు జరుపుకుని, మీటరు ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పట్టీ నేను తగిలిస్తాను సార్. టీ మీరు పట్టుకురండి."