పెద్ద కార్డు గాలి

ల్యుబింకా వంటిళ్లు గీసి పెడుతుంది. గీసిన వంటింటిని లాప్‌టాప్ తెరమీద అటూ ఇటూ తిప్పి చూపిస్తే, నచ్చినవాళ్లు పని అప్పగిస్తారు. ఈమధ్య తిప్పితే గోడలు ముందొచ్చి, అల్మరాలు తీరిగ్గా వెనక వస్తున్నాయి. కిందటిసారి వచ్చినావిడ అల్మరాలు రాకముందే వెళ్లిపోయింది. ఇవాళ పెర్సిడా గారు వస్తున్నారు. ఆవిడా జారిపోతే జ్రెన్యానిన్ ఊళ్లో ఇక తనని పిలిచేవాళ్లుండరు.

లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డులు రెండు. చిన్నది రోజువారీ పనులకి, పెద్దది ఇలాంటి బరువు పనులకి. సెట్టింగుల్లో ప్రోగ్రామ్‌ని చేర్చి, పెద్దదాన్నే వాడమని ఎప్పుడో చెప్పింది. అయినా చిన్నది చెమటలు కక్కుతుంటే, పెద్దది కొత్తల్లుడిలా కాళ్లు చాపుకుని కూర్చుంది.

పొద్దుటినుంచి వెతగ్గా వెతగ్గా తెలిసింది, తను చేర్చింది అసలు ప్రోగ్రామ్‌ని కాదు, దాన్ని నిద్రలేపి తప్పుకునే గుమాస్తాలాంటి చిన్న ప్రోగ్రామ్‌ని. అసలుదాన్ని చేర్చబోతే అది సెట్టింగుల్లో అప్పటికే ఉంది, పక్కన ‘విద్యుత్ ఆదా’ అని, అంటే చిన్న కార్డే చాలని.

“మిలోరాద్, ఇదెవరు పెట్టారు?”

భర్త కాఫీ కప్పులోకి చూశాడు. “నేనే. అమ్మ గోల పడలేక.”

“మీ అమ్మకి గ్రాఫిక్స్ కార్డు గొడవేంటి?”

“కార్డు గొడవ నాకెందుకే,” అంటూ సోఫాలోంచి అత్తగారు రాడోయ్‌కా అందుకుంది. “అది మొదలెడితే లాప్‌టాప్ పక్క కన్నంలోంచి గాలొచ్చి నా నడుంకి కొడుతోంది. సందుగాలి తగిలే మా పెదనాన్నకి మూతి వంకరపోయింది.”

“అది కిటికీ గాలి అత్తయ్యా. ఇది వేడిగాలి.”

“గాలికి వేడేంటి, చలవేంటి. నడుం నీది కాదుగా.”

ల్యుబింకా సెట్టింగు మార్చి, ప్రోగ్రామ్ మూసి తెరిచింది. వంటిల్లు నీళ్లలో చేపలా తిరిగింది. ఫ్యాను హోరెత్తింది. ఆ హోరులోనే పెర్సిడా వచ్చి సోఫాలో కూర్చుంది. కాసేపటికే శాలువా బిగించి లేచింది.

“ఎక్కడో సందుగాలి కొడుతోందమ్మాయ్. నేనిక్కడ కూర్చోలేను.”

“చెప్తే వింటేగా,” అంది అత్తగారు.

ల్యుబింకా పళ్లు బిగబట్టి, గాలి తన నడుంకే తగిలేలా లాప్‌టాప్‌ని తిప్పుకుని కూర్చుంది. “ఇదిగోండి సింకు. ఇటు పొయ్యి.”

పెర్సిడా సింకూ చూడలేదు, పొయ్యీ చూడలేదు. ల్యుబింకా నడుంవైపే చూసింది. “నడుంకి ఆ గాలి తగిలితే మూత్రపిండాలు పాడైపోతాయే పిల్లా. పని నీకే ఇచ్చాను, ముందు దాన్ని ఆపు.”

తెరమీద వంటిల్లు ఎంత హాయిగా తిరిగిందో ఎవరూ చూడలేదు. అత్తగారు అప్పటికే ఉన్ని గుడ్డ తెచ్చి కోడలి నడుంకి చుట్టేస్తోంది.